పడక్కుర్చీ సైకిలు

నడుం నొప్పి అని నోరు జారితే చాలు, చుట్టుపక్కల వాళ్ళంతా డాక్టర్లయిపోతారు. నేల మీద పడుకోమని ఒకరు, పొరపాటున కూడా నేల మీద పడుకోవద్దని ఇంకొకరు. ఒకరిది కేరళ వైద్యం, ఒకరిది బెల్టు, ఒకరిది వేడి నీళ్ళ కాపడం. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి పొసగదు గానీ ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకగ్రీవంగా తీర్మానం చేసేస్తారు: "ముందా సైకిలు మానెయ్."

నా పేచీ అంతా ఆ తీర్మానంతోనే. నడుం నొప్పి వచ్చినవాడు మానాల్సింది సైకిలు తొక్కడం కాదనీ, అలవాటైన ఆకారం సైకిలునే పట్టుకుని వేళ్ళాడటం మానితే చాలనీ నా వాదన. కాస్త ఓపిగ్గా చదవండి, తర్వాత తిడుదురుగాని.

నేనూ మీలాగే సాఫ్టువేరు వాణ్ణే. ఎల్4, ఎల్5 ఎముకల మధ్య డిస్కు కొంచెం బయటికి ఉబ్బింది. మన ఆఫీసుల్లో ఈ రెండు అక్షరాలూ రెండు అంకెలూ తెలియని వాళ్ళు తక్కువే. నడుములో డిస్కు జారడాల్లో చాలా భాగం ఈ ఎల్4-ఎల్5 దగ్గరా, దాని కింద ఎల్5-ఎస్1 దగ్గరా జరిగేవే. వారంలో ఎక్కువ రోజులు దుగ్గిరాలలో ఇంటి నుంచే పని చేస్తాను. ఏడాదిగా నేను తొక్కుతున్నది వెనక్కి వాలి, కాళ్ళు ముందుకి చాపి తొక్కే సైకిలు. ఇంగ్లీషులో రికంబెంట్ అంటారు. మా ఊళ్ళో మొదటి రోజే దానికి పడక్కుర్చీ సైకిలు అని పేరు పెట్టేశారు. నాకు ఈ పేరే నచ్చింది కాబట్టి ఇక్కడా అదే వాడతాను.

మామూలు సైకిలు నడుముని ఏం చేస్తుందో ముందు చూద్దాం. మన తాతల నాటి డబుల్ బార్ సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. గుంటలో పడ్డప్పుడల్లా ఆ దెబ్బ సీటులోంచి నేరుగా వెన్నుపూసలోకి పోతుంది. పోనీ జీతం పెరిగింది కదా అని వంపు హాండిల్ రేసు సైకిలు కొంటే, నడుం ముందుకి వంచి కూర్చోవాలి. వంగినప్పుడు డిస్కు ముందు భాగం నలుగుతుంది, వెనక భాగం సాగుతుంది. మన ఉబ్బు ఉండేది సరిగ్గా ఆ వెనకే! పొద్దంతా లాప్‌టాప్ ముందు వంగి, సాయంత్రం వ్యాయామం పేరుతో మళ్ళీ అదే వంపు. లక్షన్నర పెట్టి కొన్న కార్బన్ ఫ్రేము సైకిలు ఆర్నెల్లకి బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే స్టాండు అవడం మీరూ చూసే ఉంటారు.

ఇది గాలి కబురు కాదు. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక ఆరోగ్యవంతుడి ఎల్4-ఎల్5 డిస్కులో సెన్సరు పెట్టి, రోజంతా అతను చేసే పనుల్లో ఒత్తిడి ఎంతుంటుందో కొలిచింది. వెల్లకిలా పడుకుంటే 0.1 మెగాపాస్కల్. మామూలుగా నిలబడితే 0.5. కూర్చుని పూర్తిగా ముందుకి వంగితే 0.83. నిలబడి వంగితే 1.1. 20 కిలోల బరువు నడుం వంచి ఎత్తితే 2.3. ఇక కుర్చీలో వీపు ఆనించి వెనక్కి జారగిలబడితే 0.27, అంటే నిలబడ్డదాంట్లో దాదాపు సగం. కొలిచింది ఒక్క మనిషినే, ఆ మనిషి సైకిలు కూడా తొక్కుతూ లేడు, కాబట్టి ఈ అంకెల్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. కానీ అంతకు చాలా ముందు, 1960ల నుంచీ స్వీడన్‌లో నాకెమ్సన్ చేసిన కొలతలు నిటారుగా కూర్చోవడం విషయంలో దీంతో విభేదించినా, వీపుకి ఆనుడు ఇచ్చి వెనక్కి వాలితే డిస్కు మీద బరువు తగ్గుతుందన్న దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. కారణం తేలిగ్గానే అర్థమౌతుంది. పైశరీరం బరువులో కొంత కుర్చీ మోస్తుంది, నడుం మోసేది తగ్గుతుంది.

పడక్కుర్చీ సైకిలు చేసేది అదే. వీపు వెడల్పుగా ఉన్న సీటుకి ఆనుతుంది. మణికట్ల మీద బరువుండదు, మెడ ఎత్తి చూడక్కర్లేదు, రెండు తొడల మధ్య తిమ్మిరి ఉండదు. మామూలు సైకిలు మీద 20 నిమిషాలకి పట్టేసే నా నడుం, దీని మీద గంటంపావు తొక్కి దిగినా పేచీ పెట్టడం లేదు.

మరి ఇంత సుఖమైన బండి ఎక్కడా కనపడదేం? ఇక్కడో పాత కథ ఉంది. ఫ్రాన్సులో షార్ల్ మోషే అని ఒకాయన తన కొడుకు కోసం నాలుగు చక్రాల తొక్కుడు కారు చేశాడు. అది నచ్చి జనం అడగటంతో వెలోకార్ పేరుతో పెద్దవాళ్ళకీ చేసి అమ్మాడు. తర్వాత దాన్ని సగానికి కోసినట్టు రెండు చక్రాలతో ఒకటి చేశాడు. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు దాని మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అంతకు ముందున్న 44.247 కిలోమీటర్ల రికార్డు 1914 నుంచీ ఎవరికీ లొంగలేదు. ఫోర్ ఏమంత పేరున్న రేసరు కూడా కాదు. గొడవ మొదలైంది: గెలిచింది మనిషా, బండా? 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం కూర్చుని, రేసు సైకిలంటే ఏ ఆకారంలో ఉండాలో నిర్వచనం రాసి, దీన్ని బయటికి నెట్టేసింది. రేసుల్లో లేని బండిని కంపెనీలు చెయ్యవు, కంపెనీలు చెయ్యనిది జనానికి కనపడదు. మనం ఇప్పటికీ "అసలు సైకిలు" అనుకునేది 1885లో ఇంగ్లండులో స్టార్లీ చేసిన రోవర్ సైకిలు ఆకారమే.

నెట్టేసినంత మాత్రాన వేగం ఎక్కడికీ పోలేదు. పడుకున్న మనిషి గాలికి తక్కువ అడ్డం. చదునైన రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ తొక్కేవాడి శక్తిలో ఎక్కువ భాగం గాలిని తొయ్యడానికే పోతుంది. 2016లో అమెరికాలోని బాటిల్ మౌంటెన్ దగ్గర టాడ్ రైకర్ట్ పైన తొడుగున్న ఇలాంటి బండిలో, మోటారు లేకుండా, గంటకి 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఫ్రాన్సులో 1200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కే పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో కూడా ఈ సైకిళ్ళని రానిస్తారు. కాబట్టి ఇది ముసలివాళ్ళ బండి, రోగిష్టి బండి అనే మాట చెల్లదు.

సరే, అసలు విషయానికొస్తే, ఇక్కడ ఎలా? 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది గానీ, షోరూములో లేని వస్తువుకి పన్ను ఎంత తగ్గితే ఏం లాభం? విదేశాల నుంచి తెప్పించాలంటే మనలాంటివాళ్ళకి కూడా గుండె గుభేలుమంటుంది. నేను చేసిందల్లా, తెనాలిలో గేట్లూ గ్రిల్సూ ట్రాక్టరు ట్రక్కులూ చేసే ఒక వెల్డింగు షాపుకి బొమ్మ గీసి పట్టుకెళ్ళడం. ఆ మేస్త్రీ కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ, "ఇందులో బ్రహ్మవిద్యేముంది సార్, రెండు పాత సైకిళ్ళు తెండి," అన్నాడు.

నిజంగానే బ్రహ్మవిద్య లేదు. పెద్దవాళ్ళ సైకిలు ఒకటి, పిల్లల సైకిలు ఒకటి. వెనక 26 అంగుళాల చక్రం, ముందు 20 అంగుళాలది. నడుమ పొడవుగా చదరపు ఇనప గొట్టం. పెడల్స్ ముందు చక్రానికీ సీటుకీ మధ్యలో వస్తాయి. మామూలు సైకిలు గొలుసు నాలుగున్నర అడుగుల పైచిలుకు ఉంటుంది, దీనికి రెండున్నర గొలుసులు కలిపి వేశాం. అంత పొడుగు గొలుసు వేళ్ళాడకుండా మధ్యలో చిన్న పుల్లీ. సీటు దగ్గరే చాలాసేపు ఆలోచించాం. రెక్సిన్ వేస్తే మన ఎండలకి వీపు ఉడికిపోతుంది. చివరికి గొట్టాల చట్రానికి నవారు అల్లించాం. నవారు మంచం ఎరిగినవాళ్ళకి దీని సుఖం వేరే చెప్పక్కర్లేదు. వదులైతే బిగించుకోవచ్చు, చెమట పట్టదు, గుంటలో పడితే కాస్త సాగి దెబ్బని మింగుతుంది. మొత్తం 14 వేల చిల్లర అయింది. నడుం నొప్పి వచ్చాక మనవాళ్ళు కొనే ఆఫీసు కుర్చీలు అంతకంటే ఖరీదు. బరువు మాత్రం 24 కిలోలు, మేడ మీదకి మొయ్యాలంటే ఇంకో నడుం కావాలి.

ఎవరైనా చేయించుకుంటే మూడు సంగతులు గట్టిగా చెప్పండి. ఒకటి, సీటు వాలు, సీటుకీ పెడల్‌కీ దూరం బోల్టులతో మార్చుకునేలా ఉండాలి. కాలు పూర్తిగా చాపినా మోకాలు కాస్త వంగి ఉండాలి. రెండు, పెడల్స్ సీటు కన్నా కిందే ఉండాలి. రేసు రికంబెంట్లలో లాగా కాళ్ళు పైకి లేపితే తొడ వెనక నరం సాగి, సయాటికా ఉన్నవాళ్ళకి జివ్వుమంటుంది. మూడు, ముందు ఫోర్కు గొట్టం దగ్గరి అతుకుకి అదనంగా రేకు ముక్క వేయించండి, నెలకోసారి పగులు వచ్చిందేమో చూసుకోండి. అతుకు ఊడితే పడేది మీరే.

లోపాలు కూడా చెప్పకపోతే అమ్మకాల ఏజెంటులా ఉంటుంది. మామూలు సైకిలు మీద గుంట వస్తే సీటు మీంచి కాస్త లేస్తాం. ఇందులో లేవలేం. ఎత్తు ఎక్కేటప్పుడు నిలబడి తొక్కలేం. వీపుకి ఆనుడుంది కదా అని బలంగా తన్నితే మోకాళ్ళు పోతాయి, తేలిక గేరులో తొక్కాలి. మొదటి వారం పాములా వంకర్లు పోతుంది. అది భయమైతే మూడు చక్రాలది చేయించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఇది వైద్యం కాదు. డిస్కు ఉబ్బు దీంతో తగ్గుతుందని నేను చెప్పడం లేదు. వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్ళకి, అంటే స్టెనోసిస్ ఉన్నవాళ్ళకి, ముందుకి వంగితేనే హాయి, వాళ్ళకి మామూలు సైకిలే నయం కావచ్చు. మీదే రకమో డాక్టరుతో మాట్లాడి తెలుసుకోండి. పాదం పట్టు తప్పుతున్నా, సీటుకి ఆనే చోట స్పర్శ పోయినా, మూత్రం మీద అదుపు తప్పినా సైకిళ్ళ సంగతి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇక రోడ్ల సంగతి. ఎత్తులెక్కలేని బండికి కృష్ణా పశ్చిమ డెల్టాని మించిన చోటు లేదు. సీతానగరం దగ్గర కాలువలోకి వదిలిన నీళ్ళు ఏ మోటారూ లేకుండా దుగ్గిరాల లాకులు దాటుకుని పొలాల మీదుగా సముద్రం వైపు పోతాయి. అంటే నేల ఎంత చదునో లెక్కేసుకోండి. పొద్దున్నే చిలువూరు వైపో, కొలకలూరు మీదుగా తెనాలి వైపో బయల్దేరితే కాలువ వంతెనల మీద తప్ప ఊపిరి బిగబట్టే పనే ఉండదు. అటూ ఇటూ పసుపు, కంద, అరటి తోటలు. వెనక్కి వాలి ఉంటాం కాబట్టి అవన్నీ కనపడతాయి కూడా, మామూలు రేసు సైకిలు వాడికి కనపడేది ముందు చక్రమే. లోపమల్లా ఎత్తు తక్కువ కావడం. పసుపు సీజన్లో లారీ డ్రైవరుకి మన తల కనపడకపోవచ్చు. అందుకే సీటు వెనక ఆరడుగుల కర్రకి ఎర్ర జెండా, పగలు కూడా వెలిగే లైటు, ఒక అద్దం పెట్టుకున్నాను. చీకటి పడ్డాక మెయిన్ రోడ్డు ఎక్కను. హైదరాబాదు వాళ్ళని దీన్నేసుకుని గచ్చిబౌలి ఫ్లైఓవరు ఎక్కమని నేను చచ్చినా చెప్పను. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ లాంటి చోట్లు దీనికి తగినవి.

ఇంతవరకూ చెప్పినవన్నీ తేలికైన అడ్డంకులు. డబ్బు, వెల్డింగు, గుంటలు: ఇంజనీరింగు చదివినవాళ్ళం, ఇవి మనకో లెక్కా? అసలు అడ్డంకి వేరే ఉంది.

ఈ సైకిలు చూడగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది కాళ్ళు లేనివాళ్ళు చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి. "పాపం, ఏమైంది బాబూ కాళ్ళకి?" అని బస్‌స్టాండు దగ్గర ఒక పెద్దావిడ నిజంగానే జాలిపడింది. మా అమ్మ బాధ ఇంకో రకం. "ఒరే, నడుం బాగుచేసుకో, వద్దనను. కానీ ఊరంతా చూసేలా ఎందుకురా? సంబంధాల వాళ్ళ చెవిన పడితే పిల్లాడికి ఏదో ఉందంటారు." నవ్వులాట కాదు, ఆవిడ భయం నిజమే. మన వయసు వాళ్ళలో ఎంతమంది బెల్టుని చొక్కా లోపల దాచి పెళ్ళిచూపులకి వెళ్ళారో నాకు తెలుసు. ఎమ్మారై ఫిల్ములు బీరువాలో బట్టల కింద దాచినవాళ్ళూ తెలుసు. నొప్పితో ఆఫీసులో నిలబడి పని చేస్తుంటే మేనేజరు అడుగుతాడని, నొప్పి ఓర్చుకుని కూర్చునేవాళ్ళూ తెలుసు. కారు కొంటే హోదా, బెల్టు కడితే రహస్యం. పడక్కుర్చీ సైకిలెక్కితే మాత్రం నా నడుం బాలేదని దుగ్గిరాల మెయిన్ రోడ్డు మీద మైకు పెట్టి చెప్పినట్టే.

1934 నాటి పెద్దమనుషులు చేసిందీ ఇదే కదా. బండి బాగా నడుస్తోందా, మనిషికి మేలు చేస్తోందా అని వాళ్ళు అడగలేదు. సైకిలులా కనపడుతోందా అని అడిగారు. మన వీధిలోనూ అదే ప్రశ్న.

ఒకరోజు పసుపు యార్డు దగ్గర టీ తాగుతుంటే ఒక హమాలీ పెద్దాయన వచ్చి, అడిగి మరీ సీట్లో కూర్చున్నాడు. నవారు మీద వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇది మాకుండాలి గానీ నీకెందుకబ్బాయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వంగి 20 కిలోలు ఎత్తితేనే 2.3 అని చదువుకున్నవాణ్ణి, ఆయన రోజూ ఎత్తే బస్తాల లెక్క తీసే ధైర్యం రాలేదు. ఆయన మొయ్యలేని రోజు కూలి ఉండదు. నాకు సిక్ లీవుంది, ఇన్సూరెన్సుంది, ఇంటి నుంచి పని ఉంది. ఇన్ని ఉన్నవాణ్ణి నలుగురూ నవ్వుతారని నా నడుముని దాచుకుంటే, ఏమీ లేనివాళ్ళు నోరెలా విప్పుతారు?

అందుకే నేనేమంటానంటే, నొప్పి ఉన్నవాళ్ళు అదేదో తప్పు చేసినట్టు దాచడం మానండి. ఆఫీసులో నిలబడి పని చెయ్యాలనిపిస్తే నిలబడండి. ఎవరైనా అడిగితే ఎల్4-ఎల్5 అని చెప్పండి, సగం మంది "నాకూ అంతే" అంటారు. సైకిలంటే ఇష్టముండి మానేసినవాళ్ళు ఒక్కసారి వెనక్కి వాలి తొక్కి చూడండి. పడకపోతే మానెయ్యండి, ఇనుము పాత సామాన్లవాడికి పోతుంది. పెళ్ళి సంబంధాల సంగతంటారా, నడుం బాలేదని సైకిలు చూసి తెలుసుకుని వెళ్ళిపోయేవాళ్ళు, పెళ్ళయ్యాక తెలుసుకునేవాళ్ళ కన్నా మంచివాళ్ళు. ఈ మాట అమ్మతో కూడా అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు గానీ, ఎర్ర జెండా వెలిసిపోయిందని మొన్న పాత చీర అంచు చింపి కొత్తది కుట్టిచ్చింది.

కొలతలు, గొలుసు లెక్కలు, నవారు అల్లిక బొమ్మ నా దగ్గరున్నాయి. కావాల్సినవాళ్ళు అడగండి, పంపిస్తాను. తెనాలి చుట్టుపక్కల వాళ్ళయితే ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి తొక్కి చూడండి. లారీలు తిరిగే వేళకి ముందే రండి.